సూది ఎత్తని పాట

ఆదివారం చర్చి నుంచి రాగానే వెస్లీ చేసే మొదటి పని రికార్డు పెట్టడం. చెప్పులు విడవడం ఆ తర్వాతే. అఫ్జల్‌గంజ్ వెనక సందులో ఆయన ఇంటి ముందుగదిలో ఒక పాత రికార్డు ప్లేయరు, దాని పక్కన లోలా డికోస్టా పాడిన మూడు రికార్డులు, ఎదురుగా ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంటాయి. సూది ఆనించగానే లోలా వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైన మనిషి ఇంటికి డిస్కో మహారాణి రావడమేమిటని సందులో ఎవరూ అడగరు. పక్కింటి బాలమ్మ అడిగేదల్లా, "ఇయ్యాల ఏ లోలా వచ్చింది?" అని.

ఆ ప్రశ్నలో న్యాయముంది. మొదటి రికార్డు పెడితే సికింద్రాబాద్ హోటల్లో పాడే రోజుల లోలా వస్తుంది. పొట్టి గౌను, కుదురులేని కాళ్ళు, సందులో పిల్లలతో కలిసి ఒకటే గంతులు. రెండోది పెడితే బొంబాయిని ఊపేసిన లోలా, ఒంటినిండా బంగారు తళుకులు, కాళ్ళకు వెండిరంగు బూట్లు! ఆ తళుకులు రాలి బియ్యంలో పడుతున్నాయని వెస్లీ భార్య ఆగమ్మ సణుగుతుంది, సణుగుతూనే చాయ్ ఇస్తుంది. మూడోది పెడితే శాలువా కప్పుకున్న లోలా వస్తుంది. అప్పటికి జనానికి డిస్కో మోజు తీరిపోయింది. ఆ రికార్డు తర్వాత కంపెనీలు మొహం చాటేస్తే సబ్బుల ప్రకటనలకు పాడి బతికింది పాపం. ఆ లోలాకు ఆగమ్మ చాయ్‌లో అల్లం ఎక్కువ వేస్తుంది.

ఆ కాలపు గాయనుల మాటెత్తితే వెస్లీకి అన్నం అక్కర్లేదు.

"ఇప్పటోళ్లకేం ఎరుక? గప్పుడు గొంతు సక్కగ చేసే మిషిన్లు లెవ్వు, ఏం లెవ్వు. అంతమంది వాయిస్తుంటే నడుమ నిలబడి పాడిండ్రు! ఒక పాట పోతే ఇంకో పాట, ఒక కంపెనీ ఎల్లగొడితే ఇంకో కంపెనీ. మల్ల లేసి నిలబడ్డరు. గా డప్పు మీద గా గొంతు వస్తే మనిషన్నోడు కూసుంటడా?" అంటూ లేచి తనే ఆడి చూపిస్తాడు. అప్పుడు మోకాళ్ళ నొప్పి గుర్తుకు రాదు.

ఇంత ప్రేమలోనూ ఆయనకో అలవాటు. మూడో రికార్డులో ఆఖరి పాట రాబోతుండగా సూది ఎత్తేస్తాడు. ఆ పాటలో లోలా గొంతు పగిలింది. అప్పట్లో పత్రికలవాళ్ళు నవ్వారు. తన ఇంట్లో ఆమె మళ్ళీ నవ్వులపాలు కాకూడదని ఆయన పట్టుదల. సూది లేవగానే లోలా తాగుతున్న చాయ్ కింద పెట్టి మాయమవుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పాట ఆ ఇంట్లో మోగలేదు.

వెస్లీ, ఆగమ్మల కూతురు భాగ్యశ్రీది బరువైన గొంతు. చర్చిలో పాటలు నేర్పే మాస్టారు ఆమెను వెనక వరసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదిపితే చాలమ్మా" అన్నాడు. కదిపీ కదిపీ ఆ పిల్ల గొంతు మింగడం నేర్చుకుంది. కానీ పాటంటే ప్రాణం. పెళ్ళి బరాత్‌లలో మర్ఫా డప్పులు మోగించే భిక్షపతి బ్యాండులో పాడేవాడు మానేశాడని తెలియగానే ఉరుకుల పరుగుల మీద వెళ్ళింది.

"శనివారం మలక్‌పేటల బరాత్ ఉంది బిడ్డా. ఒక్క పాట పాడు. జనం ఆడిండ్రా, జాగ నీదే. ఆడలేదనుకో, మల్ల నన్ను అడగొద్దు" అన్నాడు భిక్షపతి.

ఆడకపోతే సోమవారం నుంచి బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టడమే. మేనత్త ఆ పని మాట్లాడిపెట్టింది, ఇంట్లో అందరూ తలూపారు.

శనివారం పొద్దున వెస్లీ కొత్త సూది కొనడానికి కోఠీ వెళ్ళాడు. ఆగమ్మ కూరగాయలకు పోయింది. భాగ్యశ్రీ ఇంట్లో ఒక్కతే మిగిలింది. తోడుగా ఉంటుందని మూడో రికార్డు పెట్టింది. లోలా వచ్చి శాలువా సర్దుకుంది.

"ఏంది బేటీ, మొఖం గట్ల పెట్టినవ్?"

"సాయంత్రం పాడాలె మేడమ్. పైకి పోతే గొంతు పగుల్తది. మస్తు భయమైతాంది."

మాటల్లోనే ఆఖరి పాట దగ్గరికొచ్చింది. భాగ్యశ్రీ తండ్రిలాగే సూది వైపు చెయ్యి చాపింది.

"ఉండనీ" అంది లోలా. "ఎప్పుడూ గీడికెళ్లే పంపిస్తరు నన్ను. ఒక్కసారన్న పూరా పాడనియ్యుండ్రి!"

పాట మొదలైంది. లోలా లేచి నిలబడింది, శాలువా జారి కింద పడింది. రికార్డుతో పాటు తనూ పాడింది. పైకి, ఇంకా పైకి వెళ్ళి గొంతు పగిలింది. ఆ పగులులోంచి లోపలి గొంతు బయటికొచ్చింది, బరువుగా, ధీమాగా. అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. చేతిలో గరిటెతోనే బాలమ్మ గుమ్మంలోకొచ్చి నడుం తిప్పేసింది. భాగ్యశ్రీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మల్ల పాడమన్నరు కంపెనీవాళ్లు. నేనే వద్దన్న. గా పగులు నాకు కావాలె" అంది లోలా. "మీ బాపు మంచోడే. గని నా అస్సలు పాట ఇననేలేదు."

రికార్డు ఆగింది. లోలా మాత్రం వెళ్ళలేదు. సంచితో వచ్చిన ఆగమ్మ ఆమెనూ, ఆగిన రికార్డునూ చూసి, "అన్నానికి ఉంటవా?" అని అడిగి, ఇంకో గ్లాసు బియ్యం పోసింది. సూది కొనుక్కొచ్చిన వెస్లీ సంగతి విని లోలా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మంచికే అనుకున్న మేడమ్."

"ఎరుకే. సాయంత్రం నాతోని బరాత్‌కు రా" అంది లోలా.

మలక్‌పేటలో దీపాల వరసల మధ్య గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు మర్ఫా. భాగ్యశ్రీ మైకు పట్టుకుని మొదలుపెట్టింది, చర్చిలో అలవాటైనట్టే, మింగి మింగి. ఎవరూ ఆడలేదు. కుర్రాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. భిక్షపతి మొహం తిప్పుకున్నాడు. గుంపులో లోలా పక్కన ఉన్న వెస్లీ మునివేళ్ళ మీద లేచి చూశాడు.

అప్పుడు ఆమె కళ్ళు మూసుకుని గొంతు వదిలేసింది. పైకి వెళ్ళింది. పగిలింది.

వెస్లీ కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది, సూది ఎత్తడానికి లేచినట్టే. పక్కనున్న లోలా ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

పాట ఆగలేదు. పగిలినచోటు నుంచి భాగ్యశ్రీ సొంత గొంతు దిగింది. మర్ఫా వాళ్ళు ఒకరినొకరు చూసుకుని ఆ గొంతు వెంట దరువు మార్చారు. పెళ్ళికొడుకు గుర్రం దిగి గంతులేశాడు! ముసలివాళ్ళు చేతికర్రలు పైకెత్తి ఆడారు, బ్యాండు లైట్లు మోసేవాళ్ళు లైట్లతో సహా ఊగారు. గుంపు మీద ఎక్కడినుంచో బంగారు తళుకులు రాలాయి.

"బిడ్డా, వచ్చే బరాత్‌ల గూడ గట్లనే పగలాలె!" అని అరిచాడు భిక్షపతి. వాళ్ళ వెంటే వచ్చిన ఆగమ్మ అక్కడే నిలబడి ఆడబిడ్డకు ఫోన్ చేసి, సోమవారం పిల్ల రాదని చెప్పింది.

మర్నాడు చర్చి నుంచి వచ్చేసరికి లోలా అప్పటికే కుర్చీలో ఉంది. వెస్లీ మూడో రికార్డు తీసి, ఆఖరి పాట మీద సూది ఆనించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.