పంచాంగంలో పాస్‌వర్డ్

మధుసూదనరావు సారుకి నూలుకీ కొబ్బరి పీచుకీ తేడా తెలియదు. అయినా ఎమ్మిగనూరులో ముప్పై మగ్గాల వాళ్ళం కలిసి పెట్టుకున్న మా చిన్న సంఘానికి ఆయనే గౌరవాధ్యక్షుడు. ఆదోనిలో కాపురం, మా బడి హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. మైకు కనబడితే చాలు, ఇంక దాన్ని దించడు. సంఘానికి వెబ్‌సైటు పెట్టే పని నా నెత్తిన పడింది. నేను సంతోషిని, హుసేనమ్మ కూతుర్ని. మా అమ్మ మగ్గం మీద రెండు నెలలుగా నూలు పడలేదు.

బెంగళూరు వ్యాపారి ఒకాయన, మంగళవారం పదకొండింటికి సైటు చూసి, తన షాపుల వాళ్ళకి చూపించి, నచ్చితే నాలుగు వందల దుప్పట్లు నేయిస్తానన్నాడు. అదొక్కటే మా ఆశ.

ఆదివారం సంఘం ఆఫీసులో అందరి మధ్యా కూర్చుని సెట్టింగులు మొదలుపెట్టాను. సైటుకి ఏ పేరు పెట్టాలని సారుని అడిగాను.

"పైన నా పేరు రాయి. కింద సంఘం పేరు."

పేరు కింద ఒక చిన్న వాక్యం పడుతుందంటే, ఆరు లైన్లు చెప్పాడు మహానుభావుడు. అన్ని పట్టవన్నాను.

"నీకు చాతకాదని చెప్పు. పదో తరగతిలో లెక్కల్లో బోల్తా కొట్టిన సంతోషివే కదా నువ్వు?"

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతో నా ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఆయన పంచాంగం తీశాడు. "మంగళవారం పొద్దున పది నలభై రెండు. ఆ నిమిషానికే తెరుచుకోవాల. అంతకుముందు ఎవరన్నా చూసినారంటే దిష్టి."

ఆ టైము పెడుతుంటే కంటబడింది. సైటు గడియారం విదేశీ టైములో ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అంటే ఈయనగారి ముహూర్తం ఇక్కడ సాయంత్రం నాలుగూ పన్నెండుకి వస్తుంది. మంగళవారం ఆ వేళకి నిండు రాహుకాలం! ఒక్క నొక్కు నొక్కితే మన టైముకి మారిపోతుంది. చెయ్యి అటే పోయింది.

"టైము సరిగ్గా పెట్టినావా? గంట కొట్టినాక బడికొచ్చే దానివి నువ్వు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "పెట్టినా సార్" అన్నాను. అందరి ముందూ అయిదు నిమిషాలు తెల్లమొహం వెయ్యనీ, తర్వాత నా ఫోన్లోనే సరిచేస్తాననుకున్నాను.

మంగళవారం కంప్యూటరుకి పసుపు, కుంకుమ. సారు టెంకాయ కొట్టి, పది నలభై రెండుకి మీట నొక్కాడు. తెర మీద 'త్వరలో' అని ఒక్క మాట. మళ్ళీ నొక్కాడు. అదే మాట. ఆహా, ఎంత హాయిగా ఉందో నాకు! సరిగ్గా అయిదు నిమిషాలు ఆ హాయి అనుభవించి ఫోను తీశాను. పాస్‌వర్డ్ తప్పంది. ఆ మాటే పైకి అన్నాను.

"రాత్రి మార్చేసినా" అన్నాడు సారు. "ఎవర్నీ నమ్మేది లేదు. పంచాంగంలో రాసి పెట్టుకున్నా."

"పంచాంగం యాడుంది సార్?"

"ఆదోనిలో. దేవుడి గూట్లో."

"గుర్తు లేదా సార్?"

"పద్దెనిమిది అక్షరాలు! పెద్దది పెట్టమని చెప్పింది నువ్వే కదా?"

కొత్తది పెట్టుకోవాలన్నా, దానికొచ్చే మెయిలు ఆయనింటి కంప్యూటరులోనే తెరుచుకుంటుంది. ఫోను మోగుతూనే ఉంది, ఆయన భార్య సరస్వతీబాయి ఎత్తదు. పక్కింటావిడకి ఫోన్ చేసి పంపిస్తే, మడిలో ఉన్నాను, ఒంటిగంట దాకా ఏదీ ముట్టనని లోపల్నుంచే చెప్పిందట.

బెంగళూరాయనకి దుప్పట్ల ఫోటోలు పంపి బతిమాలాను. పదకొండూ ఇరవైకి ఆయనే ఫోన్ చేశాడు.

"ఫోటోలు ఎవరైనా పంపుతారమ్మా. చెప్పిన టైముకి దుకాణం తలుపు తీయలేనివాళ్ళు సరుకేం పంపుతారు? వేరేవాళ్ళకి ఇచ్చేశాం."

సారుని పక్కకి పిలిచి చెప్పాను. "ఈ కంప్యూటర్ల సంగతే ఇంత. ఆడోళ్ళకి ఇప్పుడే చెప్పొద్దులే" అన్నాడు. శాలువా మడతపెట్టి, టెంకాయ చిప్ప సంచిలో వేసుకుని ఆదోని బస్సెక్కాడు. పిరికి మనిషి!

నాలుగూ పన్నెండుకి సైటు దానంతటదే తెరుచుకుంది. మొదటి ఫోటో మా అమ్మదే, మగ్గం ముందు దుప్పటి పట్టుకుని నిలబడింది. అది చూసి అమ్మ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"సూడే సంతోషీ, తెరుసుకుంది! నా కూతురు పెట్టినదాంట్లో తప్పుంటాదా? ఆ సారే ఏందో సేసుంటాడు."

సారును నాలుగు తిట్లు తిడదామని నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు. ఆయన తెలియని మూర్ఖుడు. నేను తెలిసీ నోరు మూసుకున్నదాన్ని.

అమ్మ తన ఫోటో కేసే చూస్తోంది. "ఆ బెంగళూరాయనకి ఫోన్ సెయ్యి" అంది. "ఇప్పుడు సూడమని సెప్పు."