చల్లటి ఇంజను

మూడో ప్లగ్గు కూడా నల్లగానే వచ్చింది. ముసలాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ప్లగ్గును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పచ్చి పెట్రోలు. మొన్ననే మార్చిన ప్లగ్గు అది, అప్పుడే మసిబొగ్గయి కూర్చుంది.

ఆ వీధిలో ఆయన్ని అందరూ పొగ డాక్టరు అంటారు. మీసాలు రాకముందు షెడ్డులో నట్లు కడగడానికి చేరి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే పనంతా చేతుల్లోకి ఎక్కించుకున్నాడు. కుడి ముంజేతి మీద సైలెన్సర్లు కాల్చిన మచ్చలు. గోళ్ల కింద ఏ సబ్బుకీ లొంగని నలుపు. పెళ్లిపీటల మీద కూడా ఆ నలుపుతోనే కూర్చున్నాడు. కారు వెనక నిలబడి పొగ రంగు చూస్తే చాలు, లోపల ఏది పాడయిందో చెప్పేవాడు. ఇంకొకరు చెబితే మాత్రం వినేవాడు కాదు. సొంతంగా షెడ్డు పెట్టుకున్నాక తనకంటే బాగా తెలిసినవాడు ఉన్నాడని ఆయన ఒప్పుకోగా ఎవరూ వినలేదు.

అలాంటివాడి చేతిలోంచి వెళ్లి నర్సమ్మ కారు పొగ పరీక్షలో రెండుసార్లు తప్పింది. మొదటిసారి ప్లగ్గులూ గాలి ఫిల్టరూ మార్చాడు. రెండోసారి పెట్రోలు చిమ్మే గొట్టాలు విప్పి శుభ్రం చేశాడు. అయినా పరీక్ష కేంద్రంలో మీటరు ముల్లు గీత దాటి పోయింది. పాత ఇనుముకి ఇచ్చెయ్యమనండి పెద్దాయనా అని అక్కడి ఉద్యోగి మామూలుగానే అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని, రాత్రి అన్నం కూడా సహించలేదు.

ఈరోజు కూడా తప్పితే కారు రోడ్డెక్కడానికి వీల్లేదు. నర్సమ్మ ఊరి చివరి ఇళ్లలో పురుళ్లు పోస్తుంది. నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే బస్సు కోసం నిలబడే పని కాదు.

షెడ్డు రెండో వైపు ఆయన కూతురు ఒక వ్యాను కింద పడుకుని పనిచేస్తోంది. యంత్రాల చదువు చదివింది. ఆఫీసులో నీడపట్టున కూర్చుంటుందనుకుంటే, చదువు అయిపోయిన మర్నాడే చీరకొంగు బిగించి షెడ్డుకి వచ్చింది. ఆయన కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత గేటు పక్క కాస్త చోటిచ్చి, "ఏమమ్మా ఇంజినీరూ" అని ఎగతాళిగా పిలవడం మొదలుపెట్టాడు. నర్సమ్మ కారు మీద మాత్రం తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

నర్సమ్మ స్టూలు మీద కూర్చుని, ఆ కారు తనకెన్నడూ ద్రోహం చెయ్యలేదని చెప్పుకుపోతోంది. "మండుటెండలో కొండెక్కించినా వేడెక్కడమంటే తెలీదు అన్నయ్యా దీనికి. ఆ వేడి చూపించే ముల్లు ఎప్పుడూ అడుగున పడుకునే ఉంటుంది" అంది మురిసిపోతూ.

"నా చేతి ఇంజను మరి" అన్నాడాయన, అంత దిగులులోనూ.

వ్యాను కింద స్పానరు చప్పుడు ఆగింది. కూతురు బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, ఎప్పుడూ అడుగునే ఉంటుందా అత్తయ్యా అని అడిగింది. కొన్నేళ్లుగా అంతేనంది నర్సమ్మ.

ప్లగ్గులు బిగించాక కారు స్టార్టు చెయ్యమంది కూతురు. ఆయన విసుక్కుంటూనే చేశాడు. ఆమె బానెట్ కిందికి వంగి, రేడియేటరు పైగొట్టం మీద చెయ్యి వేసి చూసింది. తండ్రి చెయ్యి పట్టుకుని అదే గొట్టం మీద పెట్టింది.

ఇంజను వేడెక్కేదాకా ఆ గొట్టంలోకి వేడినీళ్లు రాకూడదు. దారిలో థర్మోస్టాట్ అని చిన్న తలుపు ఉంటుంది, అది మూసుకుని ఆపాలి. ఆయన అరచేతి కింద గొట్టం అప్పుడే కొద్దికొద్దిగా వెచ్చబడుతోంది. తలుపు తెరుచుకునే ఉండిపోయింది. ఇంజను ఎంత తిరిగినా చల్లారిపోతోంది. ఇంకా వేడెక్కలేదనుకుని కారులోని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తోంది. అది పూర్తిగా కాలక పొగవుతోంది. ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకుండానే ఆయనకంతా అర్థమైంది. ఇన్నేళ్లూ తాను గొప్పగా చెప్పుకున్న చల్లదనమే రోగం.

నర్సమ్మ ముందు కూతురు నోరు మెదపలేదు. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ముక్కు మీద గ్రీజు, కళ్లల్లో బెరుకు. నాన్నకి కోపమొస్తుందేమోనన్న బెరుకు. ఆయన "నువ్వే విప్పమ్మా" అని పానా చేతికిచ్చాడు.

కొత్తది బిగించేముందు కూతురు దాన్ని గిన్నెలో మరిగే నీళ్లలో వేసి, తలుపు తెరుచుకుంటోందో లేదో చూసింది. ఆయన పక్కనే నిలబడి, ఎడమ భుజం రుద్దుకుంటూ, ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అంతసేపు నోరు కట్టుకోవడం ఆయన జన్మలో అదే మొదలు.

నర్సమ్మను ఇంటికి పంపి, పరీక్ష కేంద్రానికి ఆయనే నడిపాడు. దారిలో వేడి ముల్లు మెల్లగా లేచి నడిమికి వచ్చి నిలబడితే ఇద్దరూ చూశారు.

ఈసారి మీటరు ముల్లు గీతకి బాగా కిందనే ఆగింది. ఉద్యోగి ఆశ్చర్యపోయి, ఇంతకీ ఏం చేశారు పెద్దాయనా అని అడిగాడు.

"నేను చేసింది రెండుసార్లు తప్పింది" అన్నాడాయన, వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా. "నాకు తట్టనేలేదు. ఇది మా అమ్మాయి పట్టుకుంది."

కూతురు సిగ్గుపడి కాగితం కోసం కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన గోడవార బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనున్న టాక్సీ డ్రైవరు తన బండి పొగ సంగతి ఎత్తాడు. "మా అమ్మాయికి చూపించు" అన్నాడట ఆయన. నవ్వుతూనే అన్నాడట. ఆ మాట తర్వాత ఆ డ్రైవరే ఆమెకు చెప్పాడు.

ఆమె కాగితంతో తిరిగి వచ్చేసరికి ఆయన గోడకి ఆనుకుని ఉన్నాడు. గడ్డం గుండె మీదికి వాలింది. "నాన్నా, వెళ్దామా" అంది. రెండోసారి పిలవలేదు. పక్కన కూర్చుని, మచ్చల ముంజెయ్యి పట్టుకుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది.

దహనం అదీ అయ్యాక, ఇంకో రోజు పొద్దున పరీక్ష కేంద్రం దగ్గరే ఉండిపోయిన కారు తెచ్చుకోవడానికి ఒక్కతే వెళ్లింది. ఆయన పొట్టివాడు, కాళ్లు అందడానికి సీటు పూర్తిగా ముందుకు లాక్కునేవాడు. ఆమెది తల్లి పొడవు. ఇరుక్కుని కూర్చుని, సీటు జరిపే మీట మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది. మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకుంటుంటే అలాగే మెల్లగా నడుపుకుంటూ వచ్చి షెడ్డులో ఆపింది. మధ్యాహ్నం నర్సమ్మ వచ్చేదాకా, సీటు ఆయన జరుపుకున్న చోటే, స్టీరింగుకి దగ్గరగా, ఖాళీగా ఉంది.