ఆకుపచ్చ షీట్లు

మార్కండేయ మగ్గం గుంట పూడ్చి ఏడాదయింది. పనిలేనివాళ్లకు మందులంగడి పని నేర్పిస్తామంటే యాభై ఏళ్ల వయసులో వెళ్లి చేరాడు. ఎప్పుడూ ఇంటరు చదివిన పిల్లలనే తీసుకునేవాళ్లు, ఈసారి నేతగాళ్లనూ, కూలికి పోయే ఆడవాళ్లనూ పిలిచారు. శిక్షణ అయ్యాక ధర్మవరంలో ఒక అంగడిలో నెల రోజులు చేసి మెప్పిస్తేనే ఉద్యోగం. ఆ నెలకు ఇదే ఆఖరి రోజు.

పొద్దున అతను సర్దిన అర చూసి ఫార్మసిస్టు వనజాక్షి నవ్వింది.

"ఏమన్నా, మందులా, పట్టు కండెలా ఇవి? రేపటి నుంచి నీ ఉద్యోగం ఈడనే."

మార్కండేయ పేర్లు చూసి సర్దలేదు. ముప్పై ఏళ్లు పట్టు పట్టిన చేతులు రంగుకు రంగు చేర్చుకుంటూ పోయాయి. మధ్యాహ్నం ఆకుపచ్చ షీట్లు తీస్తుంటే తెలిసింది, వాటిలో షుగరు మాత్రలు రెండు మోతాదులవి కలిసిపోయాయని. పొద్దున బత్తలపల్లె నాగలక్ష్మమ్మకు, ఆమె మొగుడి కోసం, పైదే తీసి ఇచ్చాడు. ఇప్పుడు పైనున్నవన్నీ రెట్టింపు మోతాదువి.

అతను చెప్పింది విని వనజాక్షి ముఖం పాలిపోయింది.

"బిరీన పో. మార్చి ఇచ్చి రా. మనం ఇచ్చినామని మాత్రం యాడా నోరు జారొద్దన్నా. నీ ఉద్యోగమూ పోతాది, నా లైసెన్సూ పోతాది."

షేర్ ఆటోలో బత్తలపల్లె చేరేసరికి మూడయింది. నాగలక్ష్మమ్మ వాకిట్లోనే ఉంది.

"మాత్ర మింగి, సంగటి ఒద్దని పండుకున్నాడప్పా. లేపితే పలకలే."

లోపల ఆమె మొగుడు శ్రీరంగప్ప చొక్కా చెమటకు తడిసి ఉంది. ఒళ్లు చల్లగా తగిలింది. ఒంట్లో చక్కెర మరీ పడిపోతే ఇట్లాగే ఉంటుందని శిక్షణలో చెప్పారు. మార్కండేయ 108కి ఫోన్ చేశాడు. ఆమె చక్కెర నీళ్లు కలిపి తెస్తే, స్పృహ లేనివాడి నోట్లో పోయకూడదని ఆపాడు.

"దేవుని మాదిరి వచ్చినావు నాయనా," అంది ఆమె, గ్లాసు పట్టుకునే.

అంబులెన్సు వచ్చింది. సూది గుచ్చుతూ అందులోని మనిషి అడిగాడు.

"ఏం మాత్ర? ఎవరిచ్చినారు?"

"రోజూ మింగే షుగరు మాత్రే కదప్పా..." అని ఆమె తడబడింది.

"ఈ పొద్దుది అది కాదు," అన్నాడు మార్కండేయ. "నేనే ఇచ్చినా. ఇయ్యాల్సిన దానికి రెట్టింపుది ఇచ్చినా."

అంగడి పేరు అడిగితే అదీ చెప్పాడు. శ్రీరంగప్పను ఎక్కించుకున్నాక తానూ ఎక్కబోయాడు. ముందే ఎక్కిన నాగలక్ష్మమ్మ అతని వైపు చూడకుండా బండి తలుపు లాగేసుకుంది.