అక్కయమ్మ వద్దన్నది

కోలారు ఆస్పత్రిలో కిడ్నీ డాక్టరు నేత్రావతి ప్రశ్న అడగగానే రామకృష్ణప్ప అలవాటుగా జవాబు మొదలుపెట్టాడు. ఆమె అతని వైపు చూసి, "మీరు చెప్పేది తరవాత వింటానప్పా. ఇప్పుడు అమ్మను అడుగుతా ఉండాను," అంది.

అక్కయమ్మ ఇబ్బందిగా నవ్వింది. గౌనిపల్లిలో వాళ్ల ఇంటి ఆవులు ఆమె గొంతు వింటే తప్ప పాలివ్వవు. రాగులు ఎప్పుడు చల్లాలో, కూలికి ఎవరిని పిలవాలో చెప్పేది ఆమే. ఆస్పత్రికి వస్తే మాత్రం తన ఒంటి సంగతి మొగుడి నోట చెప్పించడం మొదటి నుంచీ అలవాటు.

"మా ఇంటాయన్నే అడగండమ్మా. నాకేం తెలుసు?" అంది.

"పడుకుంటే ఊపిరి ఆడుతా ఉండాదా లేదా అనేది ఆయనకెట్ల తెలుస్తాదమ్మా?"

అక్కయమ్మ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. కాళ్ల వాపు, ఏం తిన్నా నోట్లో ఇనుము నాకినట్టుండటం, వెల్లకిలా పడుకుంటే ఎద మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. అందులో సగం రామకృష్ణప్ప అప్పుడే మొదటిసారి విన్నాడు.

డాక్టరమ్మ అంతా విని, దాపరికం లేకుండా చెప్పింది. చక్కెర జబ్బు వల్ల రెండు కిడ్నీలూ పోయాయి. గుండె కూడా బలహీనంగా ఉంది. వారానికి మూడుసార్లు వచ్చి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటే ఒక ఏడాది బతకవచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు. కానీ ఇలాంటి గుండె మిషనును తట్టుకోవడం కష్టం. మిషను వద్దనుకుంటే కొన్ని నెలలే. ఆ నెలలు ఇంట్లో గడుస్తాయి, వాపుకూ ఆయాసానికీ మందులు ఇస్తుంది.

"ఏది మంచిదని నేనొక్కదాన్నే చెప్పేది కాదు. మీకు ఏం కావాలనేది మీరు చెప్పాల. దానికి ఏది కుదురుతాదో నేను చెప్తాను."

రామకృష్ణప్పకు భయం వేసింది. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ ఇలా అడగలేదు. మందు రాసిచ్చేవాళ్లు, వేసుకునేవాళ్లు. ఈమెకు తెలియక అడుగుతోందా, లేక ఇంక ఏమీ లేదని ఇలా చెబుతోందా అతనికి అర్థం కాలేదు. మీ అమ్మకే వచ్చింటే ఏం చేస్తారని అడిగాడు. నేత్రావతి తన తల్లికైతే కొన్నాళ్లు మిషను పెట్టి చూస్తాననీ, ఒంటికి పడకపోతే ఆపేస్తాననీ చెప్పింది. అయితే తన తల్లికి సరిపోయింది అక్కయమ్మకు సరిపోవాలని లేదని కూడా చెప్పింది.

అక్కయమ్మ తనకు ఎక్కువ ఆశలేమీ లేవంది. లేచి కొట్టం దాకా నడిచి, ఆవుల దగ్గర నిలబడగలిగితే చాలు. చివరికి ముగ్గురూ ఒక మాటకు వచ్చారు. మామిడి కాయల కాలం ముగిసేదాకా మిషను పెట్టి చూడటం, తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం.

ఎడమచేతి నరాన్ని కోసి, సూదులు గుచ్చడానికి అనువుగా చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. పాలు పిండటం రామకృష్ణప్ప నేర్చుకోవాల్సి వచ్చింది. ఆవులు అతన్ని తన్నాయి. అక్కయమ్మ కొట్టం గుమ్మంలో కూర్చుని వాటిని బుజ్జగించేది.

డయాలిసిస్ ఉన్న రోజు తెల్లారకముందే శ్రీనివాసపురం బస్సు ఎక్కేవాళ్లు. అక్కడ దిగి మళ్లీ కోలారు బస్సు. మిషను మొదలైన గంటకే ఆమె బీపీ పడిపోయేది, పిక్కలు పట్టుకుని మెలితిరిగిపోయేది. నర్సులు కాళ్లు పైకెత్తి పట్టుకునేవాళ్లు. చాలాసార్లు మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక మరుసటి రోజంతా పడుకునే ఉండేది. ఆ మరుసటి రోజు మళ్లీ బస్సు. కొట్టం దాకా నడిచే ఓపిక ఉన్న రోజంటూ మిగలలేదు. తాగే నీళ్లు రోజుకు ఒక చెంబుకు కుదించారు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో తడిగుడ్డ పెదవుల మీద పెట్టుకుని, గుడ్డ నుంచి చుక్క కూడా మింగకుండా జాగ్రత్తపడేది. తోటలో మామిడి చెట్లు కాయలతో వంగి ఉన్నాయి, ఒక్క ముక్క తినడానికి లేదు.

కూతురు రక్షిత వేమగల్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే తోటి అమ్మాయిలతో గది తీసుకుని ఉండేది. ఆదివారం వచ్చినప్పుడల్లా తల్లి ముఖంలో వాపు తగ్గిందని సంతోషించేది. వాపు తగ్గిన మాట నిజమే.

మామిడి కాలం అయిపోయాక రక్షితతో సహా ముగ్గురూ కలిసి డాక్టరమ్మ దగ్గరకు వెళ్లారు. ఈసారి అక్కయమ్మ ఎవరి ముఖమూ చూడకుండా తానే మాట్లాడింది.

"సాలమ్మా. ఇంగ నేను రాను. మిషను నన్ను బతికించేది నిజమే గానీ, బతికి నేను చేసేదేం లేదు. ఇంట్లో ఉంటాను. ఏమన్నా అయితే మళ్లా ఈడికి తెచ్చి గొట్టాలు పెట్టద్దండి. అది మాత్రం నాకు వద్దు."

రక్షిత కోపమంతా డాక్టరు మీదికి మళ్లింది. జబ్బు మనిషి వద్దంటే వదిలేస్తారా, అలాంటప్పుడు డాక్టరెందుకు అని అడిగింది. నేత్రావతి ఆమెను తిట్టలేదు. ఆపితే మీ అమ్మ చనిపోతుంది, ఆపకపోయినా ఈ గుండెతో ఎక్కువ కాలం ఉండదు అని రెండూ చెప్పింది. ఇన్నాళ్లు మిషను పెట్టి మీ అమ్మానాన్నలూ నేనూ కలిసే చూశాం, ఆమె మాట నాకు సరిగానే తోస్తోంది అంది. రక్షిత తండ్రి వైపు తిరిగింది. అతను కండువాతో ముఖం తుడుచుకుని, "ఆమె ఇష్టమే," అన్నాడు.

డాక్టరమ్మ వాళ్లకు చాలాసేపు చెప్పింది. ఆయాసం వస్తుంది, చూడటానికి భయంగా ఉంటుంది. అప్పుడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి, ఈ మందు చుక్కలు నాలుక కింద వేయాలి, పని చేయడానికి కొంచెం సమయం పడుతుంది. తన ఫోను నంబరు ఇచ్చింది. రామకృష్ణప్ప చుక్కలు ఎలా వేయాలో ఆమె ఎదురుగానే వేసి చూపించాడు.

ఆ రోజు ఇంటికొచ్చి అక్కయమ్మ ఒక చెంబు నీళ్లు గడగడా తాగింది. తాగి, ఇంకో చెంబు అడిగింది. నీళ్లు ఎక్కువైతే ఆయాసం తొందరగా వస్తుందని డాక్టరమ్మ చెప్పే పంపింది. అయినా రామకృష్ణప్ప తెచ్చి ఇచ్చాడు. కొన్ని రోజులు ఆమె బాగానే ఉన్నట్టు కనిపించింది. ఊరుబిండి పచ్చడితో సంగటి తింది. అతని భుజం పట్టుకుని కొట్టం దాకా రెండుసార్లు నడిచింది. తర్వాత మంచం దిగలేదు. ఎక్కువగా నిద్రే.

ఒక ఉదయం అతను డెయిరీలో పాలు పోసి వచ్చేసరికి ఆమె మంచం పట్టీ పట్టుకుని కూర్చుని ఉంది. ఊపిరి కోసం మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. నోటి నుంచి నురగ. కళ్లు పెద్దవై అతన్నే చూస్తున్నాయి. అతను దిండ్లు సర్దాడు, చుక్కలు వేశాడు. తగ్గలేదు. ఫోన్ చేశాడు, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఆ సమయంలో నేత్రావతి వార్డులో ఎవరికో సూది గుచ్చుతూ ఉంది, ఫోను ఆమె బల్ల మీద ఉంది.

పక్కింటి చెన్నమ్మ ఆ ఆయాసం శబ్దం విని వచ్చింది. ఆమె వెనక ఇంకా ఇద్దరు ముగ్గురు. చూస్తా కూర్చుంటావా, బండి పిలువు అన్నారు. అతను వాళ్లకు చెప్పబోయాడు, వద్దని అనుకున్నామని, డాక్టరమ్మ కూడా ఒప్పుకుందని. అంతలో అక్కయమ్మ చేయి గాలిలో దేన్నో పట్టుకోబోయి జారిపోయింది. అంతే, అతను నూటెనిమిదికి ఫోన్ చేశాడు.

బండి ఎక్కిస్తుంటే ఆమె తల అడ్డంగా ఊపింది. అతను చూశాడు.

కోలారు ఆస్పత్రిలో అప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఈమె ఎవరో తెలియదు. ఊపిరి ఆగిపోతున్న మనిషిని తెస్తే చేసేదే అతనూ చేశాడు. నోట్లో గొట్టం దించి ఊపిరి ఆడించే మిషనుకు తగిలించాడు. గొట్టం లాగేసుకోకుండా రెండు చేతులూ గుడ్డతో మంచానికి కట్టారు.

నేత్రావతి విషయం తెలిసి వచ్చి, మంచం దగ్గర నిలబడి చూసింది. తర్వాత రామకృష్ణప్పను బయట బెంచీ మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. గొట్టం తీసేయండమ్మా అని అతను వేడుకున్నాడు.

"పెట్టేదానికి ఒక డాక్టరు సాలప్పా. తీసేదానికి మిగతా డాక్టర్లు కూడా కూర్చొని ఒప్పుకోవాల, అది పద్ధతి. ఇప్పుడే పోయి అడుగుతాను. ఈ దినమే అయితాదని మాత్రం చెప్పలేను."

అతను తల వంచుకున్నాడు. చుక్కలు సరిగానే వేశానని, ఆమె చెప్పినట్టే వేశానని అన్నాడు.

"మీ తప్పని నేననలేదు. అమ్మకేం కావాలని అన్నిసార్లు అడిగినాను. ఆ టైములో పక్కన ఒక్కరే కూర్చోగలరా అని మిమ్మల్ని ఒక్కసారీ అడగలేదు."

"అడిగినా కూర్చుంటాననే చెప్పింటాను డాక్టరమ్మా," అన్నాడు రామకృష్ణప్ప.

సాయంత్రానికి రక్షిత ఫ్యాక్టరీ యూనిఫాంలోనే వచ్చింది. లోపలికి వెళ్లి, కట్టేసి ఉన్న తల్లి చేతుల్ని చూసి, ఒక ముడి విప్పబోయింది. నర్సు వద్దంది. అక్కయమ్మ కళ్లు సగం తెరిచే ఉన్నాయి కానీ కూతుర్ని గుర్తుపట్టినట్టు లేదు. బయటికి వచ్చి రక్షిత తండ్రి ముందు నిలబడింది.

"అమ్మ వద్దన్నింది గదా నాయనా. నేను కొట్లాడినా గానీ ఆమె వద్దన్నింది. నువ్వు ఒప్పుకున్నావు."

"చూడలేకపోయినా," అన్నాడు అతను.

ఆమె వెళ్లి బెంచీకి ఆ చివర కూర్చుంది.

మిగతా డాక్టర్లలో ఒకరు బెంగళూరు వెళ్లి ఉన్నారు, మరుసటి రోజు మధ్యాహ్నం కూర్చుందామన్నారు. ఆ రోజు ఉదయమే అక్కయమ్మ గుండె ఆగిపోయింది. నేత్రావతి అక్కడే ఉంది కాబట్టి ఎదను నొక్కబోయిన వాళ్లను ఆపగలిగింది. అక్కయమ్మ కోసం చేయడానికి మిగిలింది అదొక్కటే. తానే గొట్టం తీసి, చేతులకున్న గుడ్డ విప్పింది. మణికట్ల మీద ఎర్రటి చారలు పడి ఉన్నాయి.

అక్కయమ్మను ఊరికి తెచ్చి తోట చివర పూడ్చారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బంధువులు వచ్చి వసారాలో పరిచిన చాప మీద కూర్చునేవాళ్లు. ఎలా అయింది, ఎక్కడ అయింది అని అడిగేవాళ్లు. కోలారు ఆస్పత్రిలో, మిషను మీద అని రామకృష్ణప్ప చెప్పేవాడు. నెలల తరబడి బస్సుల్లో తిప్పాడని, చివరి గడియలో కూడా ఆస్పత్రికి పరిగెత్తించాడని చెన్నమ్మ వాళ్లకు వివరించేది.

"నువ్వు చేయాల్సిందంతా చేసినావప్పా. ఇంగ ఆయమ్మ రాత," అనేవాళ్లు.

అతను తల ఊపేవాడు. రక్షిత ఆ మాట మొదటిసారి విన్నప్పుడు తండ్రి ముఖం వైపు చూసింది. ఆ తర్వాత ఎవరైనా ఆ మాట ఎత్తబోతున్నారని తెలియగానే లేచి లోపలికి వెళ్లిపోయేది. బయట బండి ఆగిన చప్పుడైతే, కొత్తగా వచ్చేవాళ్లు కూర్చోవడానికి రామకృష్ణప్ప చాప మీద కొంచెం పక్కకు జరిగేవాడు.