ముళ్ళోడి కాగితంలో మూడో వరుస

ఆయన పోయాక తల్లీ, భార్యా కలిసి గడియారాల కొట్టు అమ్మేశారు. కొట్టు పుస్తకాలూ దానితోపాటే పోయాయి. ఆయన చేతిరాత ఇంట్లో ఒక్కచోటే మిగిలింది: ముందుగదిలో, గాజుతొట్టి పక్కన గోడకంటించిన కాగితం మీద. గడియారాలు బాగుచేసే మనిషి కదా, అక్షరాలు చీమకాళ్ళంత.

తొట్టినిండా ఉప్పునీళ్ళు, అందులో ఒంటి కాపురం సీ అర్చిన్ అనే సముద్రజీవిది. నిమ్మకాయంత ఒళ్ళు, ఒళ్ళంతా ముళ్ళు. దొరికిందల్లా నెత్తికెత్తుకుని తిరగడం దాని అలవాటు. ఒకసారి తొట్టి కడుగుతుంటే ఆయన చొక్కా గుండీ తెగి అందులో పడింది. గవ్వముక్కలు ఎన్ని మార్చినా ఆ గుండీని మాత్రం అది దించలేదు. అత్తగారు దానికి ముళ్ళోడని పేరు పెట్టింది.

కాగితంలో నాలుగు వరుసలు.

ఒకటి: నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పొయ్యి. ఆవిరయ్యేది నీళ్ళు, ఉప్పు కాదు. రుచి చూసి సరిపెట్టకు, ఇది నీ కూర కాదు.

రెండు: గాల్లోకి ఎత్తకు. చోటు మార్చాలంటే గిన్నెతో, నీళ్ళతో సహా తియ్యి.

మూడు: రాగి సోకనివ్వకు. మనకి బలం, వీడికి విషం.

నాలుగు: తొట్టిలో నాచు అయిపోతే ఎండునాచు పెట్టు. పస్తు పడుకోబెట్టకు.

మొగుడు బతికుండగా ఆయన మాట ఇంత బుద్ధిగా ఎప్పుడూ వినలేదు కోడలు. అయినా ఒక ఉదయం చూసేసరికి తొట్టి అడుగున ముళ్ళు రాలి ఉన్నాయి. మీటరు పెట్టి చూస్తే ఉప్పు సరిగ్గానే ఉంది. చేపల కొట్టుకి పరిగెత్తింది.

"రాగి గానీ తగిలిందా అక్కా?" అన్నాడు కొట్టతను.

"మా తొట్టి దగ్గరికి రాగి ఎలా వస్తుందయ్యా?"

ఇంటికొచ్చి చూస్తే, రాగిచెంబుతో తొట్టి దగ్గర అత్తగారు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"దొరికిపోయానా! ముళ్ళోడికి నీళ్ళే. నువ్వు పోసే సీసానీళ్ళలో సారమేముంటుందే? ఇవి చెంబులో రాత్రంతా ఉంచినవి. మీ ఆయన్ని ఈ నీళ్ళతోనే పెంచాను."

"ఎన్నాళ్ళనుంచి?"

"నెల దాటింది, నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా. నీకు చెబితే ఆ కాగితం చదివి వినిపిస్తావు."

అత్తగారి ముఖంలో బిడ్డకు దొంగచాటుగా మిఠాయి పెట్టిన వెలుగు. కోడలు చెంబు అందుకుని వంటింట్లో బోర్లించింది.

మూడు రోజులు నీళ్ళు మార్చి మార్చి పోసింది. నాలుగోనాడు గుండీ ఇసుకలో పడి ఉంది. ముళ్ళోడు బరువు దించేశాడు.

అత్తగారు తొట్టి ముందు కూలబడిపోయింది. "నేను పోసింది చాల్లేదేమోనే."

"వయసైపోయిందత్తయ్యా. ఇన్నాళ్ళు లాక్కొచ్చాడంటే మీ నీళ్ళ చలవే."

ఆవిడ చాలాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుంది. "సోమవారం నా కంటి ఆపరేషన్ అయిపోనీ. ముందు ఆ కాగితమే చదువుతా. వాడి రాత చూసి రెండేళ్ళయింది."

మర్నాడు అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు కోడలు కాగితం ఊడదీసింది. కాల్చిన కాగితాలు, చింపిన ఉత్తరాలు సినిమాల్లో చూసింది గానీ, మొగుడి చేతిరాతకి కత్తెర పెట్టడం ఇంత కష్టమనుకోలేదు. మూడో వరుస కత్తిరించి, మిగతా ముక్కలు దగ్గరచేర్చి మళ్ళీ అంటించింది. ఆ వరుసని గుండీతోపాటు బీరువాలో, తన చీరల అడుగున పెట్టింది.

కట్టు విప్పిన రోజు అత్తగారు ఖాళీ తొట్టి పక్కన నిలబడి, ఒక్కో అక్షరం వేలితో తడుముతూ చదివింది.

"ఒకటి... రెండు... నాలుగు. మూడేదే?"

"మీ అబ్బాయికి లెక్కలెప్పుడొచ్చాయి గనక?"

"గడియారాల వాడికి మూడు తెలీదటే!" అని అత్తగారు నవ్వింది, కొడుకు పోయాక మొదటిసారి. కోడలు కూడా నవ్వి, పొయ్యిమీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయింది.

పొయ్యిమీద ఏమీ లేదు.