మాష్టారి చెవి

"నువ్వుండగా నా చెవికి బూరెందుకు రూతమ్మా?" అన్నాడు సుందరరావు మాష్టారు, తొమ్మిదేళ్ల కిందట, ఏలూరు ఆసుపత్రి మెట్లు దిగుతూ. ప్రేమగానే అన్నాడు. పిచ్చిది, పొంగిపోయింది కూడా.

కొల్లేటి లంకలో బడి నడుపుతుండగా పట్టిన చలిజ్వరం, దానికి మింగిన క్వినైనూ కలిసి ఆయన చెవుల్ని పట్టుకుపోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట చేరదు. ఆ అరిచే నోరు భార్య రూతమ్మది. బడిలో పిల్లలు ఎక్కాలు అప్పజెపుతుంటే తప్పులు విని చెప్పేది ఆవిడ, జీతం తీసుకుని సంతకం పెట్టేది ఆయన. గుళ్లో ఆడవాళ్ల చాప ఎడమవైపు, మగవాళ్ల చాప కుడివైపు. కుడివైపు చాపమీద కూర్చునే ఆడమనిషి ఊరు మొత్తానికి ఆవిడొక్కతే. "మాష్టారి చెవి వచ్చిందండీ, కాస్త జరగండి" అనేవారు. పొయ్యిమీద అన్నం మాడినా సరే, చెవి మాత్రం వేళకి హాజరు కావాలి. పైగా ఆ చెవి జల్లెడ పని కూడా చేసేది. ఎవరైనా "చెవిటి మాలోకం" అని గొణిగితే, "బడి బాగుందంటున్నారండీ" అని చేరవేసేది. ఊరందరి మాటలూ మోసి మోసి, చివరికి తన మాటేదో చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఇంక చాలు, తల హోరెత్తిపోతోంది."

మొన్న వేసవిలో తాడేపల్లిగూడెంలో చుట్టాల పెళ్లి. దూరపు బంధువు యేసమ్మ పందిట్లో కనపడి పలకరించింది. "మాష్టారండీ, మీ పాప ఎలా పోయిందండీ? మాకు చాన్నాళ్లకి గాని తెలియలేదు."

ఆ ప్రశ్నని మొగుడి చెవిలో అరిచి వేసింది రూతమ్మే. ఆయనకి తన గొంతెంతో తనకి తెలియదు కదా, పందిరంతా వినేలా జవాబు చెప్పాడు. "తల్లి పక్కగదిలోనే ఉందండీ. బిడ్డ ప్రాణం పోతున్నా ఈవిడకి వినపడలేదు. అసలు చెముడు నాకు కాదండీ, ఈవిడకి." యేసమ్మ నొచ్చుకుని "అంత మాట అనకండీ, తల్లి కదా" అంది. "ఏమంటోంది?" అని ఆయన తల వంచాడు. "అవునంటోందండీ" అని అరిచింది రూతమ్మ. తన పరువు తీసే మాటకి కూడా తనే బోయీ.

వినపడకపోవడమా? ఆ వినపడిందే ఐదేళ్లుగా ఆవిడని వదలడం లేదు. లంకలోనే, పాప పోయిన ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు గారు భోజనానికి వస్తున్నారు. రూతమ్మ వంటింట్లో కొరమీను పులుసు దగ్గర ఉంది. ముందుగదిలో మంచం మీద హన్నమ్మ, ఏడేళ్లది, మూడు రోజుల జ్వరంతో. అదే గదిలో, మంచానికి ఆరడుగుల దూరంలో, కిటికీవైపు తిరిగి మాష్టారు బడి రిజిస్టరుకి గీతలు గీస్తున్నాడు. హన్నమ్మ "నాన్నా" అంది. అమ్మా అని కాదు. రాత్రుళ్లు పాటలు పాడి నిద్రపుచ్చేది నాన్నే మరి. ఆయన వీపు కదల్లేదు. మళ్లీ పిలిచింది. ఈ పోపు వేసి దించి, వెళ్లి ఆయన భుజం తడదాం అనుకుంది రూతమ్మ. ఆవాలు చిటపటమంటుంటే వాటి కిందనుంచి పిలుపు వస్తూనే ఉంది. ఏడోసారి సన్నగా వచ్చింది. ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి ఎనిమిదోది లేదు.

"చివర్లో నన్నేమైనా అడిగిందా?" అన్నాడు ఆ సాయంత్రం, ముఖం చిన్నపిల్లాడిలా పెట్టుకుని. "లేదండీ. నిద్రలోనే పోయింది" అంది. ఆయన తట్టుకోలేడని చెప్పిన అబద్ధం. ఆ అబద్ధం మీద ఆయన ఐదేళ్లుగా కాళ్లు చాపుకుని కూర్చుని, దానితోనే ఆవిడ్ని కొడుతున్నాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో పోపు లేదు. పప్పు చప్పగా ఉందని ఆయన విసుక్కుంటాడు. ఆవాల చప్పుడు లేకపోయినా పిలుపు వస్తూనే ఉంది. గుళ్లో పాటల మధ్య, పిల్లల ఎక్కాల మధ్య, ఏ శబ్దమూ లేనప్పుడు మరీను.

పెళ్లినుంచి వచ్చాక రూతమ్మ గొంతు బొంగురుపోయింది. ఏలూరు ఆసుపత్రిలో దొరసాని డాక్టరు లాంతరు పెట్టి చూసి, "ఇంక అరవద్దు. అరిస్తే మీ గొంతు పోతుంది" అని, మద్రాసు కంపెనీ బొమ్మల పుస్తకం ఇచ్చింది. అందులో చెవిటివాళ్లకి వినపడే సాధనాలు మూడు రకాలున్నాయి. బ్యాటరీతో నడిచే ఎలట్రీ పెట్టె, ధర వింటేనే ఉన్న చెవులు పోతాయి. తర్వాత రబ్బరు గొట్టం. ఒక కొస ఆయన చెవిలో, రెండో కొస మాట్లాడేవాళ్ల నోటి దగ్గర. చవక, బాగా వినపడుతుంది కూడా. కాని ఆ రెండో కొస దగ్గర మళ్లీ తన నోరే ఉంటుందని రూతమ్మకి తెలుసు. మూడోది రేకు బూర. ఆయనే చెవి దగ్గర పట్టుకోవాలి, ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి.

"బూర పట్టుకుని గంగిరెద్దులవాడిలా తిరగమంటావా? డబ్బు దండగ" అన్నాడు మాష్టారు. ఆవిడ మాత్రం లేసు అల్లి, హన్నమ్మ సమాధి మీద రాయి వేయించాలని నాలుగేళ్లుగా దాచిన పన్నెండు రూపాయలు మద్రాసుకి మనియార్డరు చేసింది. చేసివచ్చి చాలాసేపు ఏడ్చింది.

పార్సెలు వచ్చిన మర్నాడు ఆదివారం. గుడినుంచి వచ్చి, వద్దు వద్దంటూనే బూర చెవికి పెట్టుకున్నాడు. నూతి గిలక వినపడింది. కాకి వినపడింది. ఆయన ముఖం విప్పారింది. "ఏదీ రూతమ్మా, నువ్వేమైనా అను. తొమ్మిదేళ్లయింది నీ గొంతు సరిగ్గా విని."

ఎప్పట్లా పక్కకి చేరబోయి ఆగిపోయింది. స్టూలు లాక్కుని ఎదురుగా, ఆరడుగుల దూరంలో కూర్చుంది. ఇంత దూరంనుంచి వినపడుతుందా అన్న అనుమానం ఆవిడకి లేదు. ఈ మాట వినపడుతుంది. అరవకుండా, మామూలుగా మనుషులు మాట్లాడుకునే గొంతుతో చెప్పింది.

"హన్నమ్మ ఆ రోజు మిమ్మల్ని పిలిచిందండీ. ఏడుసార్లు. నేను పోపు వేస్తూ విన్నాను."