ఒకటో నంబరు మీద ఫ్యాను

“ఫ్యాను మూలుగుతోంది అమ్మాయ్,” అని మా అత్తగారు మొదటిసారి అన్నప్పుడు నేను ఆవిడ వీపు కింద దుప్పటి మారుస్తున్నాను. సాయంత్రం ఆరు దాటింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులు విప్పి పావుగంట కూడా కాలేదు. స్టవ్ మీద పాలు పెట్టి వచ్చాను కాబట్టి ఒక చెవి అక్కడే ఉంది. తలెత్తి చూస్తే ఫ్యాను ఒకటో నంబరు మీద నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. “బాగానే ఉంది కదత్తయ్యా,” అన్నాను. ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. పక్షవాతం వచ్చినప్పటినుంచి ఆవిడ మాట సగం నోట్లోనే ఉండిపోతుంది. మిగతా సగం మేమే పూరించుకుని, మాకు తోచిన జవాబు మేమే చెప్పేసుకుంటాం. పాలు పొంగిన వాసన వచ్చింది. వంటింట్లోకి పరుగెత్తాను.

ఒకప్పుడు ఆ నోటికి ఇల్లంతా హడలేది. ఉద్యోగం చేసే కోడలు సగం కోడలే అని వచ్చిన చుట్టాలందరికీ నా ముందే చెప్పేది. నేను టీ కప్పులు పట్టుకుని నిలబడి నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ సగం కోడలే ఆవిడకి స్నానం చేయిస్తుంది, తల దువ్వుతుంది, పొద్దున్నే ఐదింటికి లేచి పక్క శుభ్రం చేస్తుంది. ప్రేమతో చేస్తున్నానని చెప్పను. చెయ్యాలి కాబట్టి చేస్తున్నాను. ఆవిడ కూడా చేయించుకోక తప్పదు కాబట్టి కళ్ళు మూసుకుని చేయించుకుంటుంది. మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చి నాలుగు ముద్దలు పెట్టి వెళ్తుంది. మా ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు, నాలుగింటికల్లా ఇంటికొస్తారు. ఆ మధ్య మూడు గంటలూ ఆవిడకి తోడు ఆ ఫ్యానే. గాలి ఎక్కువైతే ఎడమ భుజం లాగేస్తుందట, అందుకని ఎప్పుడూ ఒకటి మీదే ఉండాలి.

నా ఉద్యోగం కూడా ఆ ఒకట్లూ ఐదులతోనే. ఫ్యాన్లకు రెగ్యులేటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో టెస్టింగ్ బెంచి నాది. పన్నెండేళ్ళుగా అదే బెంచి, అదే స్టూలు. ఫ్యానుకి వెళ్ళే వోల్టేజి తగ్గిస్తే మోటారు బలం తగ్గుతుంది, వేగం తగ్గుతుంది. ఆ తగ్గించే పని చేసేది రెగ్యులేటరు. లైను మీంచి వచ్చిన ప్రతిదాన్నీ బెంచికి బిగించి, ఐదు మీద ఫ్యాను వేసి, నాలుగు, మూడు, రెండు, ఒకటి దాకా తిప్పుకుంటూ వచ్చి, ప్రతి నంబరు దగ్గరా మీటరు చూసి, సరిగా ఉంటే ఆకుపచ్చ స్టిక్కరు అంటిస్తాను. స్టిక్కరు మీద పదిహేడు అని ఉంటుంది. అది నా నంబరు. మా సూపర్‌వైజరు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. నన్ను అలాగే పిలుస్తాడు. “పదిహేడూ, ఇవాళ లెక్క తగ్గింది,” అంటాడు. ఇంట్లో మా ఆయన దాన్ని స్టిక్కర్లంటించే పని అంటారు. ఆయన స్నేహితుల ముందు ఇంకాస్త ముచ్చటగా, “మావిడకి అదో కాలక్షేపం,” అంటారు.

కొత్త రకం రెగ్యులేటర్లు మొదలైనప్పుడు పనివాళ్ళందరికీ తలా ఒకటి ఇచ్చారు. తెచ్చి అత్తగారి గదికని పెట్టాను. నేనే బిగిస్తానంటే మా ఆయన నవ్వి ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. అతను స్టూలెక్కితే నేను స్టూలు పట్టుకున్నాను. ఆయన టార్చి పట్టుకున్నారు. “వోల్టేజి తగ్గించేది ఈ కండెన్సరే, ఇందులో చిన్నదిలా ఉంది, ఒకటి మీద ఎంత వస్తుందో,” అన్నాడు ఎలక్ట్రీషియన్. చెప్పబోయాను. “ఆవిడకి అవన్నీ తెలీవులే, బిగించెయ్యి,” అన్నారు ఆయన. అది నన్ను అవమానించాలని అన్న మాట కూడా కాదు. పాపం, నిజంగానే అనుకున్నారు.

మూలుగుతోందని మా అత్తగారు మొదటిసారి అన్నది దాని మర్నాడే. ఆ తరవాత ఇంకో నాలుగైదు సార్లు చెప్పింది. ఒకసారి మా ఆయనకే చెప్పింది. ఆయన నాబ్‌ని ఐదుకి తిప్పి, మళ్ళీ ఒకటికి తెచ్చి, “చూడమ్మా, తిరుగుతోంది. అది ఫ్యాను మూలుగు కాదు, నీ మూలుగే,” అన్నారు. ఇద్దరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది. సాయంత్రాలు ఆవిడ జాకెట్టు వీపు దగ్గర తడిసి ఉండడం నేను చూడకపోలేదు. చూశాను, విప్పి ఉతికాను. ఎందుకు తడిసిందని ఆలోచించడానికి ఆ సమయంలో నా బుర్రలో చోటు లేదు. కూర తరగాలి, యూనిఫాం నానబెట్టాలి, ఆయన దిద్దాల్సిన పేపర్లకు బల్ల ఖాళీ చెయ్యాలి.

అలా ఇరవై రోజులు గడిచాక ఒక బుధవారం నాకు జ్వరం వచ్చింది. సెలవు పెట్టి, పొద్దున్న పనులన్నీ ఎలాగో ముగించి, అత్తగారి మంచం పక్కన నేలమీద చాప వేసుకుని పడుకున్నాను. రెండింటికి కరెంటు పోయింది. ఆదివారాలు తప్ప రోజూ పోతుందట, నాకు తెలియదు. మూడింటికి వచ్చింది. హాల్లో ట్యూబులైటు వెలిగింది. తల మీద ఫ్యాను మాత్రం కదల్లేదు. మ్ మ్ మ్ అని ఒకటే మూలుగు. గొంతులో ఏదో అడ్డం పడ్డ మనిషి లేవలేక చేసే చప్పుడులా ఉంది. పడుకునే చూస్తూ ఉండిపోయాను. నిమిషం, రెండు నిమిషాలు, ఐదు. రెక్క కదల్లేదు. ఎండకి కాగిన ఆ గదిలో నా మెడ మీంచి చెమట కారుతోంది. తల తిప్పి చూస్తే మా అత్తగారు నావైపే చూస్తోంది. చెప్పానా అనలేదు.

లేచి చీపురు కర్రతో రెక్కని కాస్త తోశాను. మెల్లగా తిరగడం మొదలెట్టింది. ఆపాను. పూర్తిగా ఆగాక, ఒకటి మీదే ఉంచి స్విచ్ వేశాను. మళ్ళీ మూలుగు. స్టూలెక్కి మోటారు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఐదు మీద మొదలుపెట్టి ఒకటికి తగ్గిస్తే అప్పటికే తిరుగుతున్న ఊపు మీద నడిచిపోతుంది. ఆగి ఉన్నదాన్ని ఒకటి మీద లేపాలంటే ఆ వోల్టేజి చాలడం లేదు. పైగా పోయి వచ్చిన కరెంటు కాసేపు నీరసంగానే ఉంటుంది. తిరగని మోటారులో కరెంటు పారుతూనే ఉంటుంది, లోపల తీగ చుట్టలు కాగుతూనే ఉంటాయి. పన్నెండేళ్ళుగా నేను అన్నిటినీ ఐదు మీదే మొదలుపెట్టాను, ఎందుకంటే నాకు అలాగే నేర్పారు. ఫ్యాక్టరీలో కరెంటు పోదు, వోల్టేజి పడదు, ఎవరూ మంచం మీద ఉండరు.

గోడ మీది రెగ్యులేటరు అంచున ఆకుపచ్చ స్టిక్కరు ఇంకా ఉంది. పదిహేడు.

“రోజూ ఇలాగే ఉంటోందా అత్తయ్యా?” అని అడిగాను.

“వాడొచ్చేదాకా,” అంది. ఆ రెండు ముక్కలు మాత్రం స్పష్టంగానే వచ్చాయి.

ఆరోజు మా ఆయన రాగానే చెప్పాను. ఆయన చొక్కా విప్పుతూ, “నేనొచ్చేసరికి ఆగి ఉండేది. స్విచ్ సంగతి చూడకుండా నాబ్ ఐదుకి తిప్పి ఒకటికి తెచ్చేవాణ్ణి. నువ్వే పొద్దున్న ఆపేసి పోతున్నావనుకున్నా,” అన్నారు. ఇన్నాళ్ళూ ఆ మాట నాతో ఎందుకు అనలేదో అడగలేదు. అనవసరపు గొడవ ఎందుకని ఊరుకుని ఉంటారు. ఆయన మనసులో మాత్రం నేను ముసలావిడకి గాలి కూడా లేకుండా చేసి పోయే మనిషిని అయిపోయి ఉంటాను.

మర్నాడు భోజనాల వేళ, బెంచి దగ్గర ఎవరూ లేనప్పుడు, స్టిక్కరు అంటించేసిన వాటిలోంచి ఇరవై తీసి ఒకటి మీద మొదలుపెట్టి చూశాను. తొమ్మిది కదల్లేదు. నా పక్కన కూర్చుని మరలు బిగించే ఆవిణ్ని అందరూ స్క్రూలక్క అంటారు. అన్నం డబ్బా మూత పెడుతూ వచ్చి, “ఏమిటే, మూలుగుతున్నాయి?” అంది. చూపించాను. ముక్కున వేలేసుకుంది. అప్పుడే సూపర్‌వైజరు వచ్చాడు.

“ఒకటి మీద మొదలుపెట్టమని నీకెవరు చెప్పారు?” అన్నాడు.

“ఎవరూ చెప్పలేదు సార్. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇళ్ళలో అలాగే కదా మొదలవ్వాలి. కండెన్సరు కొత్తది, చిన్నది వేస్తున్నారు.”

“మీ ఇంట్లో ఫ్యాను ముసలిదై ఉంటుంది.”

“ఇది బెంచి మీది ఫ్యాను సార్.”

బెంచి స్విచ్ ఆపేశాడు. “చూడు పదిహేడూ. పద్ధతి పేపరు మీద రాసి ఉంది. ఐదు నుంచి ఒకటికి. నీ పని అది. శుక్రవారానికి రెండు వేలు వెళ్ళాలి. స్టిక్కరు వెయ్యి.”

ఆ సాయంత్రం ఆ మాట ఇంట్లో చెప్పడం నాదే బుద్ధి తక్కువ. మా ఆయన పేపరు పక్కన పెట్టారు. “సూపర్‌వైజరుకి తెలియంది నీకు తెలిసిందా? వెయ్యమంటే వెయ్యి. ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటావా?” పన్నెండేళ్ళలో ఆయన దాన్ని ఉద్యోగం అనడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు. లోపలికి వెళ్ళి అత్తగారికి రాత్రి మందులు నలగ్గొడుతూ కూర్చున్నాను. ఆవిడ అంతా విన్నట్టుంది. నన్నే చూస్తూ, “ఇంకా... ఎంతమందో,” అంది. నేను పూరించలేదు. ఆవిడే ముగించేదాకా చేతిలో గ్లాసు పట్టుకుని ఆగాను. “చెప్పలేని వాళ్ళు,” అంది చివరికి.

శుక్రవారం పొద్దున్న నేను అన్నిటినీ ఒకటి మీద మొదలుపెట్టాను. తిరిగినవాటికి స్టిక్కరు వేశాను. తిరగనివి పక్కన పెట్టాను. పదకొండింటికల్లా పక్కన పెట్టినవి బల్ల మీద పట్టక నేలమీదికి వచ్చాయి. సూపర్‌వైజరు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నా చేతిలోంచి స్టిక్కర్ల చుట్ట తీసుకుని, “నువ్వు ప్యాకింగ్‌కి వెళ్ళు,” అన్నాడు. నా స్టూలు మీద స్క్రూలక్కని కూర్చోబెట్టాడు. ఆవిడ నావైపు చూడలేకపోయింది. ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఒంటరి మనిషి. నాకు కోపం రాలేదు. ప్యాకింగ్‌లో స్టూళ్ళుండవు. అట్టపెట్టెలు మడిచి, నింపి, టేపు వేసి, ఎత్తి పేర్చాలి. సాయంత్రానికి పిక్కలు రాళ్ళయ్యేవి. ఇంటికొచ్చి మళ్ళీ స్టవ్ ముందు నిలబడాలి. నెల రోజులు అలాగే గడిచాయి. ఇంట్లో మాత్రం ఆ మొదటిరోజు సాయంత్రమే ఒక్క పని చేశాను. ఆ రెగ్యులేటరు నేనే ఊడదీసి, పాతది నేనే బిగించాను. స్టూలు ఎవరూ పట్టుకోలేదు.

రెండో నెలలో పెద్దాఫీసు నుంచి ఇంజనీరు వచ్చాడు. దుకాణాల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయట, రెండుచోట్ల ఫ్యాను మోటార్లు కాలాయట. అదృష్టం, మనుషులకేమీ కాలేదు. ఐదు నుంచి ఒకటికి తిప్పి చూస్తే ఏ లోపమూ కనపడక ఆయన తల పట్టుకున్నాడు. అప్పుడు స్క్రూలక్క లేచి నిలబడి, చేతులు నలుపుకుంటూ, “ప్యాకింగ్‌లో ఒకావిడ ఉంది సార్, ఆవిణ్ని అడగండి,” అంది.

పిలిస్తే వెళ్ళాను. టేపు జిగురు వేళ్ళకి అంటుకునే ఉంది. బెంచికి రెగ్యులేటరు తగిలించి, నాబ్ ఒకటి మీద పెట్టి, స్విచ్ వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. అందరం ఆ మూలుగు విన్నాం. ఇంజనీరు ఇంకోటి పెట్టమన్నాడు. ఇంకోటి. నాలుగోసారికి తనే కండెన్సరు విప్పి చూసి, లైను ఆపమన్నాడు.

“నాకూ అనుమానంగానే ఉంది సార్,” అన్నాడు సూపర్‌వైజరు. “అందుకే ఈవిడని కొన్నాళ్ళు ఒకటి మీద చూడమన్నాను.”

నేను ఆశ్చర్యపోలేదు. రెండేళ్ళ కింద నాబ్‌లు వదులవుతున్నాయని నేను చెబితే నోటీసు బోర్డు మీద సూపర్‌వైజరు ఫొటో వేశారు. కాదని వాదించాలంటే నిలబడాలి, గొంతు పెంచాలి. నా కాళ్ళు అప్పటికే నొప్పులు. ఇంజనీరు ఫారం నింపుతూ, “పరీక్ష చేసింది మీరే కాబట్టి మీ సంతకం కూడా కావాలి,” అని పెన్నుతో సహా నావైపు జరిపాడు. వాళ్ళు నింపాల్సినవన్నీ నింపారు. ‘లోపాన్ని మొదట గుర్తించినవారు’ అన్నచోట ఇంకా ఖాళీ ఉంది. అది తన కోసమే అన్నట్టు సూపర్‌వైజరు జేబులోంచి పెన్ను తీస్తున్నాడు.

ఇంజనీరు పెన్ను నా చేతిలోనే ఉంది. ఆ ఖాళీలో మా అత్తగారి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. పదిహేనేళ్ళలో ఆ పేరు నేను రాయడం అదే మొదలు. కింద నా నంబరు వెయ్యకుండా నా పేరు సంతకం పెట్టాను.

ఇంజనీరు కాగితం తిప్పుకుని చదివాడు. “ఈవిడ ఏ సెక్షన్లో చేస్తారు?”

“మంచం మీద ఉన్నారండీ,” అన్నాను. “ఆవిడ మొదటిరోజే చెప్పారు. నమ్మడానికి నాకే ఇరవై రోజులు పట్టింది.”